రెబెక్క మెడలో పలుగురాయి

ఫోను ఎత్తే ముందు రెబెక్క మెడలో ఉన్న రాయిని గుప్పిట్లోకి తీసుకునేది. చెక్కని రాయి, సానపట్టనిది. ఒక వైపు తెల్లగా, మసకగా ఉండేది. ఇంకో వైపు ఎర్రమట్టి మరక. ఎంత కడిగినా పోలేదు. దానికి ఒక మొన ఉంది. ఆ మొన అరచేతిలో గుచ్చుకునేదాకా పిడికిలి బిగించేది. నొప్పి తెలిశాక ఫోను ఎత్తి, రెండంకెల సంఖ్య ఒకటి చెప్పి, పెట్టేసేది.

రోజుకు ఆరేడు సార్లు. రెండేళ్లు.

ఆమె పని రైల్వే గేటు దగ్గర. వికారాబాద్ నుంచి మర్పల్లి వైపు పోయే ఒంటి లైను మీద, పత్తి చేల నడుమ ఆ గేటు ఉంది. ఒక గది, ఒక బల్ల, గోడకు ఫోను, మూలకు రెండు జెండాలు. బండి వచ్చే ముందు స్టేషన్ నుంచి ఫోను వస్తుంది. గేటు వెయ్యమంటారు. ఆమె బయటికి వచ్చి ఇనుప చక్రం తిప్పాలి. గేటు పడ్డాక తాళం వెయ్యాలి. పట్టాల మీద మనిషి గానీ గొడ్డు గానీ బండి గానీ లేదని చూడాలి. అప్పుడు లోపలికి వచ్చి స్టేషన్‌కు ఒక సంఖ్య చెప్పాలి. ఆ సంఖ్యలు ఒక కాగితం మీద వరుస లేకుండా అచ్చేసి ఉంటాయి. చెప్పినదాన్ని కొట్టేస్తూ పోవాలి. సంఖ్య చెప్పడమంటే, గేటు పడింది, నా కళ్లతో చూశాను అని చెప్పడం. స్టేషన్‌లో ఉన్న మనిషికి గేటు కనబడదు. ఈ సంఖ్య ఒక్కటే వినబడుతుంది. దాన్ని నమ్మి బండిని వదులుతాడు.

రెబెక్కకు రైలంటే భయం.

ఆమె పుట్టింది తాండూరులో. తండ్రి బండల గనిలో పనిచేసేవాడు. వానాకాలం పాత గనులు నీళ్లతో నిండేవి. పచ్చని నీళ్లు, లోతు తెలిసేది కాదు. వాడకట్టు పిల్లలంతా అందులో దూకి ఈదేవాళ్లు. రెబెక్క ఎప్పుడూ దిగలేదు. అంచుకు దూరంగా నిలబడి నీళ్ల మీది తలలు లెక్కపెట్టేది. మునిగినవన్నీ తేలేదాకా ఊపిరి తీసుకునేది కాదు. పిల్లలు ఆమెను పిరికి రెబ్బీ అని పిలిచేవాళ్లు. ఆమె ఊరుకునేది. తరువాత కూడా ఆమె ఆ మాటను కాదనలేదు.

భర్త మత్తయ్యది మోమిన్‌పేట్. రైలు పట్టాలు బాగుచేసే గ్యాంగులో పనిచేసేవాడు. గ్యాంగు పనిలో ఉన్నప్పుడు బండి వస్తుందేమో చూడడానికి ఒక మనిషిని పెడతారు. ఆరేళ్ల కింద ఒక వంపు దగ్గర ఆ మనిషి బీడీ ముట్టించుకుంటూ, ఏం లేదు, కానియ్యుండ్రి అన్నాడు. వంపు అవతలికి చూడలేదు. బండి వచ్చినప్పుడు మిగతావాళ్లు దూకారు. మత్తయ్య గడ్డపార పట్టాల కింద ఇరుక్కుని ఉంది. దాన్ని వదిలేస్తే బండి పడిపోతుందని, లాగుతూ ఉండిపోయాడు. గడ్డపార వచ్చింది, మత్తయ్య తప్పుకోలేకపోయాడు.

ఆ చూడని మనిషి ఇంటికి వచ్చి ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు.

"గా టైముల ఎన్నడు బండి ఉండకపోయేది వదినా" అన్నాడు.

అతని ముఖం ఆమె మరిచిపోయింది. మాట మరిచిపోలేదు.

భర్త ఉద్యోగం ఆమెకు వచ్చింది. ఆఫీసులో ఊడ్చే పని ఇచ్చినా చాలు అని అడిగింది. అక్కడ ఖాళీ లేదన్నారు. గేటు ఇచ్చారు. మొదటి నెల బండి వచ్చినప్పుడల్లా గది గోడ వణికేది, ఆమె పళ్లు ఒకదానికొకటి తగిలేవి. పచ్చజెండా పట్టుకుని నిలబడడం నియమం. నిలబడేది. ఇంకో షిఫ్టు గేట్‌మన్ దశరథ్ అది చూసి నవ్వాడు.

"అక్కా, కండ్లు మూస్కొని జెండ ఊపుతున్నవ్. ఇంజన్ డ్రైవరు పరేషాన్ అయితడు."

"తెరిస్తె పడిపోత తమ్మీ."

"పడిపోతె ఎర్రజెండ మీద పడు. బండన్న ఆగుతది."

ఆమె నవ్వింది. నెమ్మదిగా కళ్లు తెరవడం అలవాటైంది. భయం మాత్రం పోలేదు. బండి మీది భయం ఆ సంఖ్య మీదికి మారింది. ఏదో ఒక రోజు తాను కూడా చూడకుండా చెబుతానేమో అని.

రాయి ఆలోచన కూతురు జ్యోతిరాణి తెచ్చింది. జ్యోతిరాణి డిగ్రీ అయ్యాక అనంతగిరి కొండ మీది ఒక రిసార్టులో పనికి కుదిరింది. అక్కడ ఒక గదిలో, సానపట్టని రాళ్లకు తీగ చుట్టి, మెడలో వేసుకునే దండలు అమ్ముతారు. ఊదావి, తెల్లవి, నల్లవి. హైదరాబాద్ నుంచి వచ్చిన ఆడవాళ్లు కొనుక్కుంటారు. కొన్నాక కళ్లు మూసుకుని ఒక మాట అనుకుని వేసుకుంటారు.

"గీ పలుగురాయి కొంటరా? మన చేను గట్ల నిండ ఉన్నయి గద" అంది రెబెక్క, కూతురు ఫోనులో చూపిన బొమ్మను దగ్గరగా పెట్టుకుని.

"నువ్వు నవ్వకు అమ్మా. అది అదృష్టానికి గాదు. గుర్తుకు."

"దేనికి గుర్తు?"

"కోపం చెయ్య, అబద్దం ఆడ, గిట్ల. నేను ఇది చేస్త, నేను ఇది చెయ్య అని ఒకటి అనుకోవాలె. రాయి తగిలినప్పుడల్ల యాదికొస్తది."

"అనుకున్నది అయితదా?"

"రాయి చెయ్యదమ్మా. మనమే చెయ్యాలె."

మరునాడు రెబెక్క గేటు పక్క చేను గట్టు మీద వెతికింది. పలుగురాళ్లు చాలా ఉన్నాయి. నున్నగా ఉన్నవాటిని వదిలేసింది. గుచ్చుకునేది ఒకటి తీసుకుంది. దశరథ్ దానికి రాగితీగ చుట్టి ఇచ్చాడు. పాత జెండా అంచు నుంచి దారం లాగి మెడకు కట్టుకుంది. అనుకున్న మాట ఒకటే: చూడనిది చెప్పను.

ఆదివారం చర్చి బయట అత్త రాహేలమ్మ ఆ దారం పట్టుకుంది.

"తాయెత్తు కట్టినవా? మత్తయ్య ఉంటె ఏమనేటోడు?"

"తాయెత్తు గాదత్తా. గుర్తు."

"ఎవలకు?"

"నాకే."

"నీకు యాది ఉండంది రాయికి ఉంటదా?" అని రాహేలమ్మ కొంగు సర్దుకుని లోపలికి వెళ్లింది.

మొదటి ఏడాది ఆ రాయి బాగా పనిచేసింది. మొన గుచ్చుకునేది. చూశావా అని అడిగినట్టుండేది. రెబెక్క ఒక్కోసారి ఫోను వదిలి మళ్లీ బయటికి వెళ్లి చూసి వచ్చేది. స్టేషన్ మాస్టర్ నవీన్‌కుమార్‌కు ఆమె మీద నమ్మకం కుదిరింది. రెబెక్కమ్మ నంబర్ ఇచ్చిందంటే ఇంక ఫికర్ లేదు అని కొత్తవాళ్లకు చెప్పేవాడు.

పోయిన డిసెంబరులో ఒక ఉదయం. ఏడు దాటింది. మంచు దట్టంగా ఉంది. గది గుమ్మంలో నిలబడితే గేటు స్తంభం ఒక నల్లని గీతలా కనబడుతోంది, అంతే. ఫోను మోగింది. బీదర్ వైపు నుంచి ప్యాసింజర్ వస్తోంది, గేటు వెయ్యమన్నాడు నవీన్‌కుమార్. ఆమె బయటికి వచ్చి చక్రం మీద చెయ్యి పెట్టింది. అప్పుడే ఎదుటి నుంచి హారన్ వినబడింది. బాల్‌రాజ్ ట్రాక్టర్, పత్తి లోడు. అతను ఆ ఊరి ఆసామి. ట్రాక్టర్ అప్పటికే పట్టాల మీదికి వచ్చింది. అది దాటేదాకా ఆమె ఆగాలి. ఆమె ఆగింది. లోపల ఫోను మళ్లీ మోగింది. ఆగకుండా మోగుతోంది.

ఆమె లోపలికి వెళ్లింది. రాయిని పట్టుకుంది. మొన గుచ్చుకుంది. ఫోను ఎత్తింది.

"నలభై ఏడు" అంది.

కాగితం మీద నలభై ఏడు కొట్టేసింది. బండి పేరు, సమయం రాసింది. కుర్చీలో కూర్చుంది. మనసు తేలికగా ఉంది. పని అయిపోయింది అనిపించింది.

జెండా తీసుకుని బయటికి వచ్చేసరికి మంచులో బండి కూత వినబడింది. చాలా దగ్గరగా. ఆమె గేటు వైపు చూసింది. గేటు లేచే ఉంది.

చక్రం ఇరవై సార్లు తిప్పితే గానీ గేటు పడదు. బండికి ఎర్రజెండా చూపేంత దూరం లేదు. మంచులోంచి ఆటో ఒకటి వస్తోంది. పత్తి ఏరడానికి పోయే ఆడవాళ్లతో నిండిన ఆటో. రెబెక్క పరుగెత్తింది. పట్టాలకు, ఆటోకు మధ్య చేతులు చాపి నిలబడింది. అరిచిందో లేదో ఆమెకు తెలియదు. ఆటో ఆమె మోకాలికి తగిలి ఆగింది. వీపు వెనక నుంచి బండి పోయింది. జాకెట్ వెనక్కి లాగినట్టయింది. ఒక్కో పెట్టె పోతున్న చప్పుడు పక్కటెముకల్లో వినబడింది. కళ్లు మూసుకోలేదు. ఆటో అద్దం వెనక ఆడవాళ్ల ముఖాలు చూస్తూ ఉంది. పదకొండు. మళ్లీ లెక్కపెట్టింది. పదకొండు.

బండి పోయింది. తరువాత అందరూ ఒకేసారి మాట్లాడారు.

"నీ కండ్లల్ల దుమ్ము బడ! గణేశ్‌గా, సూస్కోవద్దారా?" అని ఒకామె ఆటో డ్రైవర్ వీపు మీద చరిచింది.

"మంచుల ఏం గానరాలె అత్తా" అన్నాడు గణేశ్. "గేటు ఖరాబ్ అయినట్టున్నది. పడలేదు. అందుకే అక్క ఉరికొచ్చింది."

చంద్రవ్వ అనే ముసలామె ఆటో దిగి వచ్చి రెబెక్క కాళ్లు పట్టుకోబోయింది. రెబెక్క వెనక్కి జరిగింది.

"బండికి వీపు పెట్టి నిలవడ్డవ్ బిడ్డా. కన్నతల్లి గూడ నిలవడది."

రెబెక్క పిడికిలి ఇంకా రాయి మీదే ఉంది. చంద్రవ్వ ఆ వేళ్లు ఒక్కొక్కటిగా విప్పింది. అరచేతిలో చిన్న రక్తపు చుక్క.

"గదేంది?"

"రాయి."

"గిదే. గిదే నిన్ను లేపి పంపింది. సూడుండ్రే" అని మిగతావాళ్లను పిలిచింది.

గేటు చెడిపోలేదని రెబెక్క చెప్పలేదు. నోరు ఎండిపోయింది. తరువాత చాలా రోజులు ఆమె తనకు తాను చెప్పుకున్న మాట అదే. నోరు ఎండిపోయింది.

మరునాడు బాల్‌రాజ్ ట్రాక్టర్ ఆపి దిగాడు. గది గుమ్మం దగ్గర నిలబడి తలపాగా విప్పి మళ్లీ కట్టుకున్నాడు.

"రెబెక్కమ్మా, గేటు ఖరాబ్ కాలే."

ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"చక్రం మీద చెయ్యి పెట్టి మల్ల లోపలికి వోయినవ్. నేను ఎనక్కి మర్రి చూసిన. తిప్పలే నువ్వు."

"అవును పటేలా."

"భయపడకు. నేనెవ్వలకు చెప్ప. నీ బిడ్డ ఉన్నది, నౌకరి ఉన్నది. ఎవ్వలకేం గాలె గద. మంది మంచిగ అనుకుంటున్నరు, అనుకోనీ."

అతను దయగానే అన్నాడు. అతని వెనక తలుపు వేసుకుని ఆమె చాలాసేపు నేల మీద కూర్చుంది. అతను అరిచి ఉంటే బాగుండు అనుకుంది. ఫిర్యాదు చేస్తానని అని ఉంటే బాగుండు. ఇప్పుడు ఆ మాట ఇద్దరిది. అతను దాన్ని జాగ్రత్తగా దాచిపెడతాడు.

తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకు మూడో రోజు తెలిసింది. మొదట్లో మొన గుచ్చుకుంటే చూశావా అని అడిగేది. ఎప్పుడో ఒకప్పుడు అది మారింది. గుచ్చుకోవడమే, చూశాను అనే జవాబైంది. ఏ రోజు మారిందో ఆమెకు తెలియదు. ఆ రోజు నుంచి డిసెంబరుదాకా ఎన్నిసార్లు నిజంగా చూసిందో, ఎన్నిసార్లు రాయిని మాత్రమే పట్టుకుందో అదీ తెలియదు. కొట్టేసిన సంఖ్యల పాత కాగితాలు తీసి చూసింది. అన్నీ ఒకేలా కొట్టేసి ఉన్నాయి.

ఆమె రాయి తీసి బల్ల సొరుగులో పెట్టింది. అది లేకుండా పని చేయడం నేర్చుకోవాలనుకుంది. చక్రం తిప్పేది, తాళం లాగి చూసేది, లోపలికి వచ్చేది, మళ్లీ బయటికి పోయేది. సంఖ్య చెప్పడం ఆలస్యమయ్యేది.

"ఏందమ్మా, ఒక్క నంబర్‌కు ఇంతసేపా? బండి నిలవడ్డది" అనేవాడు నవీన్‌కుమార్.

"చూసొస్తున్న సార్."

"ఎన్నిసార్లు చూస్తవ్?"

ఆ వారమే చంద్రవ్వ దారిన పోతూ గదిలోకి తొంగి చూసింది. "రాయేది బిడ్డా? మెడ బోసిగున్నది. ఏమన్న అయిందా?" అంది. ఏమీ కాలేదని చెప్పి రెబెక్క సొరుగు తెరిచి రాయిని మళ్లీ మెడలో వేసుకుంది. ఎందుకు తీశావని ఎవరైనా అడుగుతారేమో అనే భయంతో ఆ రోజు నుంచి తీయలేదు.

చంద్రవ్వ మెడలో కూడా ఒక పలుగురాయి ఉంది. నల్లదారం, పసుపు. నీ గట్టు మీదిదే బిడ్డా అని చూపించింది. సంక్రాంతి రాకముందే ఆటోలోని పదకొండుమంది మెడల్లోనూ వచ్చాయి. గణేశ్ ఒకటి అద్దానికి వేలాడదీశాడు. ఆ మంచు ఉదయం తరువాత కొన్ని రోజులు అతను పట్టాల దగ్గర ఆటో ఆపి, రెండు వైపులా చూసి కదిలేవాడు. ఇప్పుడు రాయిని వేలితో తాకి, ఆపకుండా దాటేవాడు.

"గణేశ్, ఆపి చూడు తమ్మీ."

"నీ రాయి చూస్తున్నది గదక్కా" అని నవ్వి పోయేవాడు.

ఆమెకు పేరు తెలియని భయం ఒకటి పట్టుకుంది. దాన్ని ఎవరికి ఎలా చెప్పాలో తెలియలేదు. తన మెడలో ఉన్నప్పుడు ఆ రాయి ఒక్క మనిషిని మరిపించింది. ఇప్పుడు ఊరంతటినీ మరిపిస్తోంది. ఆటో వచ్చినప్పుడల్లా ఆమె గది బయటికి వచ్చి తలలు లెక్కపెట్టేది.

జనవరి చివర ఒక మధ్యాహ్నం. ఎండ బాగా ఉంది. ఆమె గేటు వేసింది. తాళం లాగి చూసింది. సంఖ్య చెప్పింది. గూడ్సు వస్తోంది. జెండా తీసుకుని బయటికి వచ్చి నిలబడింది. అవతలి గేటు కింద నుంచి చంద్రవ్వ దూరింది. తల మీద పత్తికట్టె మోపు. అటూ ఇటూ చూడలేదు. నడిచి వస్తోంది.

"అవ్వా! ఆగు! బండి!"

చంద్రవ్వ ఆగింది. పట్టాల మధ్యనే ఆగింది. పిలిచింది ఎవరా అని చూసి, రెబెక్కను గుర్తుపట్టి నవ్వింది. ఒక చెయ్యి మోపు మీద ఉంచి, ఇంకో చేత్తో మెడలోని రాయిని పైకెత్తి చూపించింది.

"ఏం గాదు బిడ్డా."

రెబెక్క గేటు కింద నుంచి దూరి వెళ్లి ఆమె భుజం పట్టి లాగింది. ఇద్దరూ కంకర మీద పడ్డారు. మోపు పట్టాల మీదనే పడింది. గూడ్సు దాని మీది నుంచి పోయింది. విరిగిన కట్టెలు వాళ్ల మీద, గది గోడ మీద వచ్చి పడ్డాయి. యాభై పెట్టెల బండి. చివరి పెట్టె పోయేదాకా రెబెక్క ముసలామె తలను నేలకు అదిమి పట్టుకుంది.

చంద్రవ్వ లేచి కూర్చుని చీర దులుపుకుంది. మోచెయ్యి చెక్కుకుపోయింది. ఆమె ముఖంలో భయం లేదు.

"సూస్తివా? మల్ల కాపాడింది" అంది.

రెబెక్క అప్పుడు చెప్పింది. కంకర మీద కూర్చునే చెప్పింది.

"అవ్వా, ఆ దినం గేటు ఖరాబ్ కాలే. నేనే ఎయ్యలే. ఏసిన అని ఫోన్ల చెప్పిన. రాయి పట్టుకొని ఏసిన అనుకున్న. నా వల్లనే మీరు సచ్చేటోళ్లు ఆ దినం."

చంద్రవ్వ ఆమె ముఖంలోకి చూసింది. తరువాత ఆమె జుట్టులోంచి కట్టెపుల్ల ఒకటి తీసి పారేసింది.

"ఊకో. గంత మంచిపని చేసి ఎవలన్న గిట్ల మాట్లాడ్తరా? దిష్టి తలుగుతదని గట్లంటున్నవ్. నాకు తెల్వదా?"

"నిజమవ్వా. దేవుని మీద ఒట్టు."

"ఒట్టు వెట్టకు. నీ నౌకరి మీదికి నువ్వే తెచ్చుకుంటవా పిచ్చిదానా? ఎవలు నమ్ముతరు?"

గేటు అవతల ఆగిన ఆటోలోంచి గణేశ్ అంతా విన్నాడు. "మా అక్క గొప్ప చెప్పుకోదవ్వా" అన్నాడు.

రెబెక్క తాళం తీసి గేటు ఎత్తింది. ఎవరూ నమ్మరు. తాను ఎవరికీ చెప్పకుండా దాచుకున్నప్పుడు భయపడింది. చెప్పాక ఇంకా ఎక్కువ భయం వేసింది. రేపు చంద్రవ్వ మళ్లీ దూరుతుంది. ఆ రోజు షిఫ్టులో తాను ఉండకపోవచ్చు.

ఇంటికి వెళ్లాక జ్యోతిరాణి అన్నం పెట్టుకుంటుంటే చెప్పింది. డిసెంబరు సంగతీ, మధ్యాహ్నం సంగతీ. జ్యోతిరాణి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"గీ రాళ్ల ముచ్చట నేనే తెచ్చిన" అంది చివరికి.

"నువ్వు తెచ్చింది మంచిదే బిడ్డా. మనమే చెయ్యాలె అన్నవ్. నేను మరిచిన."

"ఇప్పుడేం చేస్తవ్?"

"రాసిస్త. నేను ఉత్తగ చెప్తె నమ్ముతలేరు. సర్కారు ముద్ర పడ్డ కాగితమైతె నమ్ముతరు."

"నౌకరి పోతది అమ్మా."

"పోవచ్చు."

"కేసు గూడ అయితది."

"కావచ్చు."

"నాయన నౌకరి అది."

రెబెక్క పళ్లు ఒకదానికొకటి తగలడం మొదలైంది. గేటు దగ్గరి మొదటి నెలలో తగిలినట్టే. జ్యోతిరాణి గరిటె కింద పెట్టి, తల్లి రెండు దవడలు రెండు చేతులతో పట్టుకుంది. అవి ఆగేదాకా పట్టుకుంది. తరువాత తన నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఇచ్చింది.

మరునాడు ఉదయం రెబెక్కకు సెలవు. మొదటి బస్సుకు వికారాబాద్ వెళ్లింది. స్టేషన్‌లో నవీన్‌కుమార్ రాత్రి డ్యూటీ దిగబోతున్నాడు. కాగితం అతని ముందు పెట్టింది. మూడు వాక్యాలు ఉన్నాయి.

డిసెంబరు పదకొండు ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు ప్యాసింజర్ బండికి నేను గేటు వేయలేదు. వేశానని నలభై ఏడు నంబర్ చెప్పాను. ఆటోలో ఉన్న పదకొండుమంది ఆడవాళ్లు, డ్రైవర్ గణేశ్ చావబోయింది నా వల్ల.

అతను రెండుసార్లు చదివాడు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఎవలన్న కంప్లైంట్ ఇస్తమన్నరా అమ్మా?"

"లేదు సార్."

"మరి నెలన్నర అయినంక ఎందుకిది? ఆ నలభై ఏడు రికార్డుల ఉన్నది. గేటు ఏసినవా లేదా అన్నది రికార్డుల లేదు. ఎవలకు తెల్వది."

"నాకు తెలుసు సార్."

"ఇది నేను పైకి పంపిన్నంటె మల్ల నా చేతుల ఉండది. ఇయ్యాలనే నిన్ను డ్యూటీల కెళ్లి తీస్తరు."

"తియ్యనియ్యుండ్రి. నాకు ముద్ర కొట్టి ఒక కాపీ కావాలె."

"కాపీ ఎందుకు?"

"సదవనీకి."

అతను ఆమెను చూశాడు. ఆమె కాగితాన్ని అతని వైపు ఇంకాస్త జరిపింది. అతను తేదీ వేసి ముద్ర కొట్టాడు.

తిరుగు బస్సు దిగేసరికి పది అయింది. ఆడవాళ్లు బాల్‌రాజ్ చేనులో చివరి పత్తి ఏరుతున్నారు. గట్టు మీద గణేశ్ ఆటో ఉంది. బాల్‌రాజ్ ట్రాక్టర్ దగ్గర నిలబడి ఉన్నాడు. రెబెక్క చేతిలో కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు.

"వద్దు రెబెక్కమ్మా" అన్నాడు నెమ్మదిగా.

ఆమె చేను మధ్యలోకి నడిచింది. పత్తికట్టె చీరకు గీసుకుంది. చంద్రవ్వను, మిగతావాళ్లను పేరు పేరునా పిలిచింది. గణేశ్‌ను కూడా రమ్మంది. వాళ్లు ఒళ్లో పత్తితోనే వచ్చి నిలబడ్డారు. ముద్ర ఉన్న వైపు అందరికీ కనబడేలా కాగితం పైకెత్తి చూపింది. తరువాత దించి చదవడం మొదలుపెట్టింది. రెండో వాక్యం దగ్గర ఆగిపోయింది. ఆమె కాగితం రెండు చేతులతో పట్టుకుని, మళ్లీ మొదటి నుంచి చదివింది.